ఒలక్కుండా దిగడం

నిండమ్మ అసలు పేరు నాకు తెలియదు. క్రెష్‌లో పనిచేసేవాళ్లు ఆమెను ఆయా అంటారు. పిల్లలు నిండమ్మ అంటారు. పిల్లలు పెట్టిన పేరుకున్న పట్టు పెద్దలు పెట్టినదానికి ఉండదు కాబట్టి, ఆ వీధిలో పాలవాడి దగ్గర్నుంచి అద్దె ఇళ్లవాళ్ల దాకా అందరికీ ఆవిడ నిండమ్మే. అడ్డమైన పేర్లూ పెట్టే ఆ పిల్లలే నాకు పుస్తకాలమ్మ అని పెట్టారు. అంతకంటే మంచి పేరు నాకు ఈ వయసులో ఎవరు పెడతారు?

మా మేడ మెట్లు దిగితే ఎదురుగా ఆటస్థలం. దాన్ని ఆనుకునే క్రెష్. రెండు గదులు, ఒక వంటిల్లు, గోడ పొడుగునా చిన్న చిన్న చెప్పులు పెట్టే అరలు. షిఫ్టుల్లో పనిచేసే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దించి, సాయంత్రం తీసుకుపోతారు. ఎండ వాలాక ఆయా పిల్లలందర్నీ ఆటస్థలంలోకి తోలుకొస్తుంది. అక్కడ జారుడుబల్ల ఉంది, ఇసుక ఉంది, రంగులు పోయిన టైర్లున్నాయి. అవేవీ ఎవరికీ అక్కర్లేదు. అందరికీ కావలసింది ఉయ్యాల. అది ఒక్కటే ఉంది. పక్కన ఇంకొకటి ఉండేదని చెప్పడానికి పైన రెండు కొక్కేలు మాత్రం మిగిలాయి.

ఆ ఉయ్యాల కింద పిల్లల కాళ్లు గీసుకుని గీసుకుని నేల గుంట పడింది. ఆ గుంట సంగతి తరవాత వస్తుంది.

నేను సాయంత్రాలు అక్కడి సిమెంటు బల్ల మీద పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ తిరగదు. నిండమ్మ అక్కడ ఉందంటే కన్ను అటే పోతుంది.

పొట్టి మనిషి. నడుము కాస్త ముందుకు వంగి ఉంటుంది కాబట్టి ఎవరితో మాట్లాడినా నేలకేసి చూస్తున్నట్టే ఉంటుంది. గొంతు మాత్రం గట్టిది. వీధి చివర్నుంచి పిలిచినా చెవి పక్కన నిలబడి పిలిచినట్టుంటుంది. అంత గొంతూ ఉండి, ఉయ్యాల మీదున్న పిల్లని ఆమె ఏనాడూ "దిగు" అనగా నేను వినలేదు. "ఇక చాలు", "వాడి వంతు వచ్చింది", "మంచిపిల్లవి కదూ"... ఇవేవీ లేవు. ఒక్కటే మాట.

"నిండిందా నాన్నా?"

"ఇంకా లేదు."

"ఎంతయింది?"

"సగం."

"సరే, నింపుకో. వీడు చూస్తుంటాడులే."

ఎదురుచూసేవాడు నిజంగానే చూస్తుంటాడు, పాలు పొంగుతాయేమోనని గిన్నె దగ్గర నిలబడ్డవాడిలా. కాసేపటికి ఉయ్యాల మీదున్న పిల్ల ఒక్కసారి లోపలికి తొంగి చూసుకున్నట్టు కళ్లు చిట్లించి, "నిండింది!" అని దూకేస్తుంది. ఎవరూ ఓడిపోయినట్టు ఉండదు. ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ, నాలుగేళ్ల పిల్లలకు తమకు ఎంత చాలో తెలుస్తుందా, అని ఒళ్లు జలదరించేది.

"ఈ మాట ఎక్కడిది నిండమ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఎక్కడిదేంటమ్మా, కుళాయి దగ్గర్ది. నా చిన్నప్పుడు వీధంతటికీ ఒకటే కుళాయి. ముందున్నావిణ్ణి 'తప్పుకో' అన్నామా, జుట్లు పట్టుకోవడమే. అదే 'నిండిందా వదినా' అని అడిగామనుకోండి, ఆవిడే బిందెలోకి తొంగి చూస్తుంది. నా మొహం చూస్తే కోపం వస్తుందిగానీ, బిందెలోకి చూస్తే ఏం కోపం?"

"అయితే మీరు ఎవరితోనూ గొడవ పడేవారు కాదన్నమాట."

"అయ్యో, నేనా! మా వీధి బిందెలకున్న సొట్టల్లో సగం నావే."

అలాంటి నిండమ్మ దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్ల నాన్నకి వెల్డింగు పని. ఇళ్లకు గేట్లూ కిటికీ ఊచలూ చేసి బిగిస్తాడు. చొక్కా నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులు. పని ఎటుంటే అటు ఇల్లు మారడమే. తల్లి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో షిఫ్టు. ఊళ్లో చుట్టమంటూ ఎవరూ లేరు. పిల్లని సైకిలు మీంచి దింపి, "మాటలు తక్కువ పిన్నీ, మనిషి మంచిదే" అని నిండమ్మకి అప్పగించి వెళ్లాడు.

మాటలు తక్కువే. పట్టు మాత్రం ఎక్కువ. మొదటిరోజు ఉయ్యాల ఎక్కింది. "నిండిందా తల్లీ?" అంటే తల అడ్డంగా ఊపింది. ఎంతయింది అంటే జవాబు లేదు. పొద్దు వాలినా దిగలేదు. ఏడవదు, అరవదు. గొలుసు పట్టుకుందంటే వేళ్లు తెల్లబడిపోయేలా పట్టుకుంటుంది. ఆ సాయంత్రానికే పిల్లలు దానికి బంక అని పేరు పెట్టేశారు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. బంక ఎక్కిందంటే ఆ పూటకి ఉయ్యాల ఇంకెవరికీ లేనట్టే. పిల్లలు చుట్టూ చేరి "నిండిందా? నిండిందా? నిండిందా?" అని కాకుల్లా అరిచారు. ఉహూఁ.

వంటావిడ వచ్చి, "వేళ్లు ఒక్కొక్కటీ విప్పి దించెయ్యక, బతిమాలడమేంటి ఆయా?" అంది.

"విప్పితే విడతాయి. రేపు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది" అంది నిండమ్మ. అంటూనే నా వైపు చూసింది. ఆ చూపులో ధైర్యం లేదు.

అందరికంటే ఎక్కువ ఉడికిపోయినవాడు సీసా. మెడలో నీళ్లసీసా వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. బంక రాకముందు ఉయ్యాల మీద సింహభాగం వాడిదే. వాడు రెండు రోజులు గమనించాడు. నిండమ్మ 'నిండిందా' అని అడిగినప్పుడల్లా ఎటు చూస్తోంది? నేలకేసి. నేల మీద ఏముంది? గుంట. మరి నిండాల్సింది ఏది?

వాడు సీసా మూత తిప్పి, ఊగుతున్న బంక కాళ్ల కింద నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. నేల తాగేసింది. కుళాయికి పరిగెత్తి మళ్లీ పట్టుకొచ్చాడు. అదీ తాగేసింది. మిగతా పిల్లలకు విషయం అర్థమైంది. ఒకడు ఇసుక బకెట్టుతో, ఒకత్తె చెప్పుతో, ఒకడు నోటినిండా పట్టుకుని బుగ్గలు ఉబ్బించుకుని వచ్చారు. వాడు తెచ్చింది దార్లోనే మింగేశాడు. నేను బల్ల మీంచి లేచేసరికే గుంట బురద గుంటైంది. బంక కాళ్లకు బురద, గౌనుకు బురద. సీసా ఏకంగా బోర్లాపడి బురదలోంచి తలెత్తి, "నిండింది! దిగవే! నిండింది!" అని అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే వాడి నాయనమ్మ ఎర్ర గొడుగు ముడుచుకుంటూ గేటు తీసుకుని వచ్చింది.

"ఇదేం పెంపకం! ఎవరు నేర్పారురా నీకిది?"

"నిండమ్మే నాయనమ్మా. నిండాలంది."

"అసలు ఆ మాటేమిటి? పసిపిల్లల్ని పట్టుకుని పొద్దస్తమానం నిండిందా, నిండిందా అని! పాపం పండిందనీ నూరేళ్లూ నిండాయనీ తిట్టడానికి అంటారుగానీ, ఆడుకునే పిల్లల్ని అంటారా ఎవరైనా?"

నిండమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. "నిండు నూరేళ్లూ బతకమని దీవిస్తారు కదమ్మా. ఆ నిండే ఇది."

"మాటకు మాట తక్కువేం లేదు" అని గొణిగి, ఆవిడ మనవణ్ణి దులపబోయి, ఎక్కడ పట్టుకున్నా బురదే కావడంతో గొడుగు కొనతో ముందుకు తోలుకుపోయింది.

క్రెష్ ఇన్‌ఛార్జ్ మేడమ్ మంచి మనిషి. అరవడం ఆమెకు చేతకాదు. మర్నాడు నిండమ్మని పిలిచి ఒక ఈల చేతికిచ్చింది. ఈల ఊదితే దిగడం, మళ్లీ ఊదితే ఇంకొకరు ఎక్కడం. అందరికీ ఒకటే కొలత. పద్ధతి బాగానే పనిచేసింది. "ఈలలో తప్పేం లేదమ్మా, నాకు గొంతు మిగిలింది" అంది నిండమ్మ కూడా. పిల్లలు రెండు రోజుల్లో అలవాటుపడ్డారు. బంక తప్ప.

ఈల మోగితే బంక కళ్లు గట్టిగా మూసుకునేది. అంతే.

ఆ వారాంతం మేడమ్, పిల్ల నాన్నని పిలిచి కూర్చోబెట్టింది. మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదనీ, నెలాఖరు దాకా చూస్తాననీ, అప్పటికీ వంతు వదలడం రాకపోతే వేరే చోటు చూసుకోవాల్సి వస్తుందనీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె బల్ల మీది పెన్సిళ్లు సర్దుతూనే ఉంది. అతను కుర్చీ అంచు మీద కూర్చుని విన్నాడు. బయటికొచ్చి, సైకిలు తాళం తియ్యడం మరిచిపోయి ముందుకు తోశాడు. చక్రం కదల్లేదు.

"ఇంకో చోటు లేదు పిన్నీ" అన్నాడు నిండమ్మతో. "ఉంటే ఇంత దూరం ఎందుకొస్తాను? దీన్ని పెట్టుకుని వెల్డింగు దగ్గర కూర్చోలేను, కళ్లు పోతాయి. వాళ్లమ్మ మానేస్తే ఇల్లు గడవదు."

"నెలాఖరు ఇంకా రాలేదుగా నాయనా. నేను చూస్తాను" అంది నిండమ్మ.

చూస్తానంది కానీ ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు. మర్నాడు పిల్లలింకా పాలు తాగుతుండగానే బంకని ఉయ్యాల దగ్గరికి తీసుకొచ్చింది. గుంట గట్టు మీద చతికిలబడి, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"ఇదిగో బంగారం, నేను అడిగినప్పుడు నిండింది అనెయ్. ఊరికే అను చాలు. అనేసి దిగెయ్. మళ్లీ ఎక్కిస్తాగా."

బంక ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

"నిండలేదుగా. నిండకపోతే నిండిందని ఎలా అంటాను?"

నిండమ్మ మెల్లిగా లేచి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

"విన్నారా పుస్తకాలమ్మా? ఇన్నాళ్లూ మిగతావాళ్లు నాకోసం అనేవాళ్లేమో. సగం నిండినా, పావు నిండినా, ముసలిది అడుగుతోంది పోనీ అని. ఇది ఒక్కతే నా ప్రశ్నని ప్రశ్నలా విన్నది. దానికి నేను అబద్ధం నేర్పబోయాను."

బంక అప్పటికే ఉయ్యాల ఎక్కేసింది. ఉయ్యాల కిర్రు కిర్రుమంటోంది. నిండమ్మ ఉన్నట్టుండి లేచి మళ్లీ పిల్ల దగ్గరికి వెళ్లింది.

"సరే. నిండలేదు. ఒప్పుకున్నా. మరి దిగితే ఏమవుతుంది?"

ఉయ్యాల అటు వెళ్లింది, ఇటు వచ్చింది.

"ఒలికిపోతుంది" అంది బంక.

"ఏది?"

"నిండింది. అంతా. మళ్లీ మొదట్నుంచీ."

నా చేతిలో పుస్తకం మూసుకుపోయింది, ఏ పేజీయో చూసుకోలేదు. ఇళ్లు మారే పిల్ల. ఏ వీధిలోనూ ఒక ఆట చివరిదాకా ఆడి ఉండదు. దిగిన ప్రతిసారీ సున్నా. అందుకని దిగడం మానేసింది. అంత చిన్న బుర్రలో అంత పెద్ద లెక్క ఎవరికీ చెప్పకుండా మోసుకుంటూ తిరుగుతోంది!

"ఓసి పిచ్చితల్లీ, అదా!" అంది నిండమ్మ. "ఒలక్కుండా నేను గీత గీస్తాను. ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది?"

బంక తన లోపలికి చూసుకుంది. అలా చూసుకునేటప్పుడు ఆ మొహంలో ఉన్న శ్రద్ధ, ప్రార్థన చేసేవాళ్ల మొహాల్లో కూడా నేను తరచుగా చూసింది కాదు. ఒక చెయ్యి గొలుసు వదిలింది. చీలమండ మీద వేలు పెట్టింది.

నిండమ్మ క్రెష్‌లోకి పోయి నీలం సుద్దముక్క తెచ్చి, సరిగ్గా ఆ వేలున్నచోట గీత గీసింది.

"ఇదిగో, ఇక్కడిదాకా నీది. దిగినా నీదే. తిన్నా నీదే, పడుకున్నా నీదే. రేపు ఇక్కణ్ణుంచే మొదలు. సరేనా?"

ఈలోగా మిగతా పిల్లలూ పాలు తాగి వచ్చేశారు. నిండమ్మ ఈల ఊదింది. బంక గీతకేసి చూసుకుంది. కళ్లు మూసుకోలేదు. చాలాసేపటికి, ఒక కాలు, తరవాత రెండో కాలు కింద పెట్టింది. వెంటనే వంగి గీత ఉందో లేదో చూసుకుంది. ఉంది.

సీసా నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

మరో రెండు మూడు రోజులకి వెల్డింగు నాన్న వచ్చి అడిగాడు. "ఏంటి పిన్నీ ఇది? స్నానం చేయిస్తుంటే మోకాలి మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. కడగొద్దు, నాది పోతుంది అంటుంది. ఏం పోతుంది?"

"నిన్నటికి మోకాలి దాకా వచ్చింది నాయనా" అని నవ్వింది నిండమ్మ. "నా సుద్దగీత ఈపాటికి చెరిగిపోవాలే, ఇంట్లో మళ్లీ ఎవరు గీశారు?"

"అదే గీసుకుంది. బొగ్గుతో."

నిండమ్మ అతనికి మొదట్నుంచీ చెప్పింది. అతను వింటూ వింటూ చొక్కా చిల్లులో వేలు పెట్టి తిప్పుతూ ఉండిపోయాడు. "ఇకనుంచి మోకాలు వదిలేసి కడుగుతాలే" అన్నాడు చివరికి.

గీత నడుముదాకా వచ్చింది, గుండెదాకా వచ్చింది. ఎప్పుడు ఎంత పైకి జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒకరోజు వేలెడు, ఒకరోజు జానెడు, ఒకరోజు అసలే లేదు. జరగని రోజు, "ఇవాళ పెరగలేదు" అని నిజాయితీగా పాత గీత మీదే వేలు పెట్టేది. ఒకసారి నిండమ్మ జాలిపడి రవ్వంత పైకి గీయబోతే, "ఉహూఁ, కింద" అని దిద్దించింది. ఈల మోగినప్పుడు దిగుతోంది కానీ వెంటనే కాదు. గీత గీసేదాకా దిగదు. దాంతో వెనకవాళ్ల సణుగుడు ఆగలేదు. ఎర్ర గొడుగు నాయనమ్మ, "ఇదెక్కడి చోద్యం, పిల్లకు కొలతలు తీస్తున్నారు, జాకెట్టు కుట్టడానికా?" అంది. మేడమ్ కూడా, "బాగానే ఉంది ఆయా, కానీ రోజూ సుద్దముక్క పట్టుకుని మీరు దాని వెనకే ఉండలేరు కదా. తనంతట తాను వదలాలి" అంది. ఆ మాటా న్యాయమే.

నెలాఖరు వచ్చింది. ఆ సాయంత్రం మేడమ్ స్వయంగా ఆటస్థలంలోకి వచ్చి, చేతులు కట్టుకుని జారుడుబల్ల పక్కన నిలబడింది. వెల్డింగు నాన్న పని మధ్యలో వదిలి ముందుగానే వచ్చినట్టున్నాడు, గేటు బయట సైకిలు పట్టుకుని ఉన్నాడు. లోపలికి రాలేదు. నిండమ్మ సుద్దముక్క తెచ్చుకోవడం మరిచిపోయింది. కొంగు వెతుక్కుంది, నడుము దగ్గర వెతుక్కుంది. లేదు. వంటింట్లోకి పోయి తెచ్చుకునే లోపల బంక ఊగడం మొదలెట్టేసింది.

ముందురోజు గీత గడ్డం కింద ఉంది.

సీసా వంతు తరవాతది. వాడు వచ్చి గుంట పక్కన నిలబడ్డాడు. అరవడం లేదు. మెడలో సీసాని రెండు చేతులా పట్టుకుని, పైకి చూస్తున్నాడు.

ఎవరూ ఈల ఊదలేదు. ఈల నిండమ్మ మెడలోనే ఉంది. చెయ్యి దాని దాకా వెళ్లింది, ఆగిపోయింది.

ఉయ్యాల దానంతటదే నెమ్మదించింది. బంక కాళ్లు ఊపడం మానేసింది. వెళ్లినంత వెళ్లి, వచ్చినంత వచ్చి, చివరికి గొలుసులు నిటారుగా నిలిచాయి. బంక కుడిచెయ్యి వదిలి, అరచెయ్యిని తెచ్చి నడినెత్తి మీద పెట్టుకుంది. నిండమ్మకేసి చూసింది. నిండింది అని నోటితో అనలేదు. అనక్కర్లేదు కూడా.

తరవాత దిగింది. ఎలా దిగింది! మెడ కదలకుండా, చూపు తిన్నగా పెట్టుకుని, ఒక కాలు నేలకు ఆనించి, అది ఆనిందని నమ్మకం కుదిరాక రెండోది ఆనించి. నెత్తి మీద అంచుదాకా నీళ్లున్న బిందె ఎత్తుకున్న మనిషి నడక అది. నిండుకుండ తొణకదంటారు. ఎన్నోసార్లు విన్నాను, రాశాను కూడా. కళ్లతో చూడటం అదే మొదలు. నేను ఊపిరి తీసుకుంటే దానికి తగులుతుందేమో అనిపించింది. అల్లరి మూక పిల్లలంతా రెండు పక్కలకీ జరిగి దారి ఇచ్చారు. ఒక్కరూ తోసుకోలేదు.

సీసా ముందు ఆగింది. వాడు ఉయ్యాలకేసి పరిగెత్తలేదు. ఆ పిల్లనే చూస్తున్నాడు.

"సీసా మూత తియ్యి" అంది బంక.

వాడు తీశాడు.

బంక మెల్లిగా, చాలా మెల్లిగా, తల పక్కకు వంచింది. వాడి సీసా మూతికి తన నెత్తి ఆనించింది. అలా కొంచెంసేపు ఉంచి, తల ఎత్తింది.

"చాలా?" అని అడిగింది.

సీసా లోపలికి ఒక కన్నుతో చూశాడు. "చాలు" అన్నాడు. మూత గట్టిగా బిగించుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉయ్యాల ఎక్కాడు.

మేడమ్ కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో తెలియదు. నిండమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఇది మీరు నేర్పారా ఆయా?" అంది.

"నాకెక్కడ వచ్చమ్మా?" అంది నిండమ్మ. వాడని సుద్దముక్క చేతిలో పొడి పొడి అయిపోయింది. "కుళాయి దగ్గర ఎవరి బిందె వాళ్లు నింపుకుని పోవడమే చూశాను నేను. పక్కవాళ్ల బిందెలో పోసి పోవడం చూళ్లేదు."

మేడమ్ గేటుకేసి నడిచింది. అక్కడ వెల్డింగు నాన్నతో ఏదో అంది. నాకు వినపడలేదు. అతను తలపాగా తీసినట్టు తల మీది గుడ్డ తీసి, మొహం తుడుచుకుని, మళ్లీ కట్టుకున్నాడు. మర్నాడూ, ఆ తరవాతా బంక చెప్పులు ఆ అరలోనే ఉన్నాయి కాబట్టి ఆ మాట ఏమిటో నేను అడగలేదు.

పిల్లని సైకిలు ముందు ఎక్కించుకోబోయాడు.

"నాన్నా, మెల్లిగా. ఒలుకుతుంది" అంది బంక.

అతను ఎందుకని అడగలేదు. పిల్లని కడ్డీ మీద కూర్చోబెట్టి, తను ఎక్కకుండా, రెండు చేతులతో సైకిలు పట్టుకుని నడిపించుకుంటూ బయల్దేరాడు. వీధిలో రాయి వచ్చినచోట ఆగి, చుట్టూ తిప్పి, మళ్లీ నడిచాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా నిండమ్మ, నేను, పిల్లలు, మనవడి కోసం వచ్చి గొడుగు ముడుచుకోవడం మరిచిపోయిన నాయనమ్మ, అందరం అలా చూస్తూనే ఉన్నాం.